నా వీపు నేనే చూసిన బైనాక్యులర్

…అదే చెప్తున్నా వదినా, ఇది నాలుగో వాయిస్ మెసేజ్ అని తెలుసు, ఏమనుకోకండి, చిలవలు పలవలు లేకుండా చెప్పడం నాకు చేతకాదు. రేపు పొద్దున మీ లైబ్రరీ తరఫున చెరువు దగ్గర కొత్తవాళ్ళకి బైనాక్యులర్ వాడటం నేర్పిస్తున్నారు కదా, ఆ పాఠం నాకే ఇవ్వండి. కళ్ళజోళ్ళ షాపాయనకి ఇచ్చారంటే నేనీ వీధిలో తలెత్తుకోలేను, నేనే చెప్తున్నానని అందరికీ చెప్పేశా. ఇప్పుడు టీ కొట్టు దగ్గరే ఉన్నా, నా అనుభవం వినండి.

ముందు కొంగ. అవతలి ఒడ్డున. మొదట ఉత్త కళ్ళతో చూడాలి, చూపు తిప్పకుండా బైనాక్యులర్ కళ్ళ దగ్గరికి తేవాలి, అదీ పద్ధతి. తెచ్చా. కొంగ ముక్కులో చేప. చేప పొలుసులు లెక్కపెట్టా.

"ఎన్ని బాబాయ్?" టీ కొట్టతను అడుగుతున్నాడు, విన్నారా. నూట పన్నెండు, ఒకటి ఊడిపోయింది.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? బైనాక్యులర్ మధ్యలో ఉండే చక్రం ఇంకాస్త తిప్పా. కొండ అవతల బస్సు, బస్సులో ఒకాయన పేపరు చదువుతున్నాడు, నేనూ చదివేశా. ఆయన పేజీ తిప్పేదాకా ఆగాల్సొచ్చింది, మరీ నెమ్మదస్తుడు.

"కొండ అడ్డం రాలేదా అన్నయ్యా?" ఇది మన టైలరమ్మ, రేపు నేర్చుకోడానికొస్తోంది, కొత్త బైనాక్యులర్ ఇవాళే మెళ్ళో వేసుకు కూర్చుంది. అడ్డమొస్తే ఏం తల్లీ, పక్కనుంచి చూశా.

ఇంకో చుట్టు తిప్పా వదినా. చూపు సముద్రం దాటింది, ఎడారి, మంచుకొండలు, ఇంకో సముద్రం, చివరికి ఒక బట్టతల. ఎవరో అటు తిరిగి నిలబడ్డాడు, చొక్కా వెనక కుట్టు విడిపోయింది. పాపమని చెయ్యూపితే ఆయనా ఊపాడు! భూమి గుండ్రం కదా, చూపు చుట్టూ తిరిగొచ్చి నా వీపే నాకు కనిపించింది.

"ఆ చొక్కా నేను కుట్టిందే, విడిపోయే ప్రసక్తే లేదు," అంటోంది టైలరమ్మ.

సరే, పాఠమే చెప్తా, వదిన కూడా వింటారు. ఇదిగో కళ్ళకి పెట్టుకున్నా. లోపల రెండు గుండ్రాలు పక్కపక్కన కనిపించాలి, సినిమాల్లో చూపిస్తారే, అలా.

"నాకు ఒకటే కనిపిస్తోందన్నయ్యా."

అయితే నీది పాడైంది తల్లీ, షాపులో తిరిగిచ్చెయ్.

"మధ్యలో మడిచారా అన్నయ్యా మీరు? రెండు గొట్టాలూ కళ్ళ ఎడానికి సరిపెడితే రెండూ కలిసి ఒకటవుతాయి. డబ్బాలో కాగితం మీద మొట్టమొదటి మాట అదే."

దీన్ని మడుస్తారా? ముప్పై ఏళ్ళ కిందట కదులుతోందని, వదులైందేమోనని దారం చుట్టి బిగించేశానమ్మా… నీ కత్తెర ఇటివ్వు. ఆఁ, తెగింది. ఇలా… ఇంకాస్త…

అబ్బ.

"ఏం కనిపిస్తోంది బాబాయ్?"

పిచ్చుక. ఎదురు గోడ మీద. ఒక్కటే. అరే, ఇంత తేటగా ఉంటుందా! వదినా, వింటున్నారా, పాఠం ఆ కళ్ళజోళ్ళాయన్నే చెప్పమనండి. నేర్చుకునేవాళ్ళలో నా పేరు రాయండి, ముందు వరసలో… అదిగో, మా ఆవిడ గుమ్మంలోంచి కేకేస్తోంది. వస్తున్నానే! వదినా, ఒక్క ముక్క, ఆ పిచ్చుక గొంతు కింద—