శనివారానికి రబ్బరు బూట్లు

నార్వే ఉత్తరపు కొసన, రెయిన్‌డీర్ల మందలు మేపుకునే నీలాస్ ఇంటి వంటగది. జూలై నెల. శనివారం చిన్నకూతురు రిస్తెన్ పెళ్ళి. పోర్చుగల్ నుంచి వచ్చే పెళ్ళికొడుకు దువార్తే వాళ్ళకి ఆమె ఫోన్‌లో పంపడానికి ఉత్తరం రాసి, తండ్రికి చదివి వినిపిస్తోంది.

"ముప్ఫై ఎనిమిదా, ముప్ఫై తొమ్మిదా?"

"మా అత్తగారి కాలి కొలత నీకెందుకు నాన్నా?"

"ఊరికే. నువ్వు చదువు."

"'ప్రియమైన బంధువులకు. మా దగ్గర వేసవి హాయిగా ఉంటుంది. దోమలు కొద్దిగా ఉంటాయి.'"

"కొద్దిగానా?"

"మరేం రాయమంటావు?"

"ఉంటాయని రాయి. 'కొద్దిగా' కొట్టెయ్యి. అబద్ధంతో ఎందుకు మొదలెట్టడం."

"కొట్టేశాను. 'నల్ల కోట్లు వద్దు. దోమలు నలుపు మీదే వాలతాయి.'"

"వాళ్ళు పెళ్ళిళ్ళకి నల్ల కోట్లేగా వేసుకునేది?"

"అవును."

"వేసుకోనీ. మన జోలికి రావు."

"నాన్నా!"

"సరే, వద్దనే రాయి. పెళ్ళికొడుకు వాళ్ళన్నది ఎంతుంటుంది? పొడగరి కదా. నలభై అయిదు?"

"మళ్ళీ కాళ్ళేనా? చర్చి గుమ్మం దాకా తారు రోడ్డే. విను. 'ఇక్కడ చీకటి పడదు. పడుకునేటప్పుడు కళ్ళకి కట్టుకోను ఏదైనా తెచ్చుకోండి.'"

"వాళ్ళు చీకటి పడ్డాకేగా భోంచేసేది?"

"అవును."

"అయితే ఆగస్టు చివరిదాకా పస్తే."

"'ఎన్ని జింకలున్నాయని ఎవర్నీ అడగొద్దు. బ్యాంకులో డబ్బెంతుందని అడిగినట్టే.' దీని కింద గీత కూడా గీశాను."

"రెండు గియ్యి. మీ దువార్తే మొదటిసారి వచ్చినప్పుడు బూట్లన్నా విప్పకుండా అడిగాడు."

"తెలీక అడిగాడు. నువ్వేమో బయటికెళ్ళి రెండు గంటలు కట్టెలు కొట్టావు."

"కట్టెలు లేవు."

"జూన్‌లోనా?"

"చలికాలం వస్తుందిగా."

"ఎన్నున్నాయో అమ్మక్కూడా ఇంతవరకు చెప్పలేదు నువ్వు."

"మీ అమ్మ అడగలేదు. మర్యాద తెలిసిన పిల్ల."

"ఇక చివరిది. 'శనివారం పన్నెండున్నరకల్లా అందరూ చర్చిలో కూర్చోవాలి. చేతులు కడుక్కుని రావాలి. చొక్కా మీద రక్తం మరకలు ఉండకూడదు.'"

"పోర్చుగల్ వాళ్ళ చొక్కాలకి రక్తమెందుకుంటుంది?"

"ఉండదు."

"మరి ఎవరికి రాశావు?"

"'గాలి ఎటు వీస్తోందో చూసొస్తానని ఎవరూ కొండ మీదికి పోకూడదు.'"

"అదీ నాకేనా?"

"ఇంగా అక్క పెళ్ళి ఫొటో చూశావుగా. అందులో నీ చోట ఏముంది?"

"చూశాను."

"ఏముందీ అంటున్నా."

"టోపీ."

"నీ టోపీ. బాబాయి దాన్ని పసిపిల్లని పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు."

"ఆరోజు ఎండ కాసింది రిస్తెన్. గాలి లేని ఎండకి దోమలు లేస్తే మందంతా మంచు మిగిలిన చోటికి ఎక్కి ఒక్కచోట చేరుతుంది. జింకపిల్లల చెవులకి మన గుర్తు కొయ్యాలంటే అప్పుడే. గుర్తు లేని పిల్ల చలికాలానికి ఎవరి పాలవుతుందో."

"తెలుసు. నేనూ ఇక్కడే పుట్టాను. అందుకే చెప్తున్నా. నువ్వు లేకుండా నేను చర్చిలో అడుగుపెట్టను. టోపీ పక్కన నడవడం నా వల్ల కాదు."

"కాఫీ చల్లారిపోతోంది."

"మాట మార్చకు. వస్తావా, రావా?"

"శనివారం ఎండెంత అన్నారు?"

"ఇరవై ఆరు డిగ్రీలు. వాళ్ళు సంతోషిస్తారు."

"గాలి?"

"గాలి... ఉండదంటున్నారు."

"ఊఁ."

"ఊఁ అంటే? నాన్నా, మంద ఎక్కడుంది?"

"పైకెక్కుతోంది."

"అంటే శనివారానికి..."

"శుక్రవారం సాయంత్రానికే కంచెలోకి వస్తుంది. ఆ తర్వాత రెండు రోజులు అక్కణ్ణుంచి కదలడానికి లేదు."

"ఎప్పట్నించి తెలుసు నీకు?"

"నిన్న పొద్దుట్నించి."

"తెలిసే కూర్చుని నాతో కాళ్ళ కొలతలు మాట్లాడుతున్నావా! అక్కకి టోపీ పంపావు. నాకేం పంపుతావు, చేతికర్రా?"

"రెండుచోట్ల ఉండటం నాకు చేతకాదమ్మా. ఇంగా పెళ్ళినాడు చెవులు కోస్తూ ఏడ్చాను. కళ్ళు వాచిపోయాయి. దోమలా అని అడిగారు అందరూ. దోమలే అన్నాను."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"ఎవరడిగారు? ఇంతకీ మీ అత్తగారిది ముప్ఫై ఎనిమిదా, తొమ్మిదా?"

"నాన్నా!"

"చెప్పమ్మా. కంచె దగ్గర మోకాలిలోతు బురద. పోర్చుగల్ నుంచి వచ్చే పద్దెనిమిది మందిలో పదహారు మందికి చుట్టుపక్కల ఇళ్ళల్లో అడిగి రబ్బరు బూట్లు తెచ్చి షెడ్డులో పెట్టాను. ఇంకా రెండు జతలు కావాలి. కొలతలన్నీ దువార్తే చెప్పాడు గాని, వాళ్ళమ్మదీ అన్నదీ మాత్రం తెలీదట."

"దువార్తేకి ఫోన్ చేశావా? ఎందుకని అడగలేదా?"

"ఏమీ అడగలేదు. నేర్చుకుంటున్నాడు."

"ఉండు ఉండు. కంచె దగ్గర వాళ్ళకేం పని? పెళ్ళి చర్చిలో. అక్కడ పాస్టరు గారు ఎదురుచూస్తూ..."

"పాస్టరు గారిది నలభై మూడు. నిన్న సాయంత్రం ఆయనే బూటులో కాలు పెట్టి చూసుకున్నారు."