జీను కింద గొర్రెతోలు

అబ్బ, ఆపవే అక్కా! గుమ్మంలో అడుగుపెట్టినప్పటి నుంచీ ఇదే పాట. మంచివాడు, మంచివాడు! నీ మరిది మంచివాడు కాడని ఎవరన్నారిప్పుడు? అద్దం ముందు నిలబడినంతసేపూ వాడంత మంచివాడు ఈ లోకంలోనే లేడు.

కూర్చో. అయ్యో, అక్కడ కాదు, అది మైనం డబ్బా. ఆ కళ్ళేలు పక్కకి జరిపి బల్ల చివర కూర్చో. ఈ జీన్ల గదిలో బట్టలకి నూనె అంటకుండా మసలడం ఇన్నేళ్ళయినా నాకే చేతకాలేదు, నీకేం చేతనవుతుందిలే.

నేను మాత్రం పని ఆపను, ఏమీ అనుకోకు. సాయంత్రంలోగా ఈ జీను అడుగుభాగం శుభ్రం చెయ్యాలి. ఇదిగో, ఈ మరక చూశావా? చెమట అనుకుంటున్నావేమో. నెత్తురు. మా మిరియం నెత్తురు.

ఆ, ఆ ఆడగుర్రమే. తెల్లటి ఒంటి మీద ఎవరో గుప్పెడు మిరియాలు చల్లినట్టు చుక్కలుంటాయి, అందుకని ఆ పేరు. వచ్చేటప్పుడు చూసే ఉంటావు, మొదటి కొట్టంలో గోడవైపు తిరిగి నిలబడి ఉంది. ఇదివరకు నా అడుగుల చప్పుడు వింటే చాలు, మెడ బయటికి చాచి నా జేబులు వెతికేది. ఇప్పుడు ఎవరొచ్చినా గోడే చూస్తుంది.

ఏంటీ? తోలుముక్క కోసం సంబంధం వదులుకుంటావా అంటావా? ఇది నీ సొంత మాటా, మీ అత్తగారు నూరిపోసి పంపిన మాటా? నిజం చెప్పు.

సరే, తోలుముక్కే అనుకుందాం. విను మరి. కాలు ఊపకు, వినేటప్పుడు స్థిమితంగా విను.

గుర్రానికి మెడ అయిపోయి వీపు మొదలయ్యే చోట ఒక ఎత్తు ఉంటుంది, మూపు. మిరియంకి మూపు బాగా ఎత్తు, చర్మం పువ్వురేకంత పల్చన. బట్టతో కుట్టిన మెత్తలు వేస్తే ఒరుసుకుపోయేది. జీను కింద గొర్రెతోలు మెత్త వేస్తే గానీ దీనికి సుఖం లేదని నేనే మా పెద్దయ్యగారి వెంటపడ్డాను. ఈ గుర్రపుసాల ఆయనది, పైసా విదల్చాలంటే ఆయనకి ప్రాణం పోయి వస్తుంది. ఆయనే ఒప్పుకున్నాడంటే నేను ఎంత పోరానో చూసుకో.

ఇక దుకాణాల చుట్టూ తిరుగుడు. ఒకడు ఇంత పొడుగు ఊలున్నది తీసి, "మేఘమండీ అమ్మాయిగారూ, మేఘం!" అన్నాడు. బొటనవేలితో నొక్కి వదిలాను. మేఘం నొక్కినచోటే చతికిలబడింది, మళ్ళీ లేస్తే ఒట్టు. పొడుగుతో ఏం పనే? ఒత్తుగా ఉండాలి. నొక్కితే లేవాలి. ఇంకొకడు పరుపంత మందం ఉన్నది అంటగట్టబోయాడు. జీను దాని ఒంటి కొలతకి కుట్టిందాయె. ఇరుకు చెప్పులో లావు మేజోడు దూర్చుకుంటే కాలికి సుఖమా, శిక్షా?

చివరికి దొరికింది ఒకచోట. అబ్బా, అక్కా! మీగడ రంగు. ఊలు విడదీసి చూస్తే అడుగున తోలు కనపడీ కనపడనట్టు, మబ్బు వెనక చందమామలా. చెయ్యి పెడితే వేళ్ళ మొదళ్ళ దాకా మునిగిపోయాయి. దుకాణంవాడు ఇంకేదో చెబుతూనే ఉన్నాడు, నాకు వినపడితేగా!

మా సాలలో ఒక పద్ధతుంది. కొత్త తోలు వస్తే నేరుగా గుర్రం మీద వెయ్యరు. ఎంచి తెచ్చినవాళ్ళు ముందు ఒక పూటంతా తమ మెడ మీద వేసుకుని పని చెయ్యాలి. గుచ్చుతుందా, దురద పెడుతుందా, చెమటకి వాసనొస్తుందా అంతా మనకే తెలియాలి. మనకైతే నోరుంది, విసిరికొడతాం. దానికేముంది?

అలా మెడ మీద వేసుకుని నేను కొట్టాలు ఊడుస్తున్నానా, అప్పుడొచ్చాడు నీ మరిది. సాలలో సవారీ నేర్పే మాస్టరుగా కొత్తగా చేరిన రోజులు. గుమ్మంలో ఆగాడు. వెనక నుంచి ఎండ. ముఖం కనపడలేదు గానీ చుట్టూ వెలుగు. "ఎవరీ మహారాణి? ఏ దేశం నుంచి వేంచేశారు?" అన్నాడు.

నవ్వకు. నవ్వకంటుంటే! నా చేతిలో పేడ పార, తలలో గడ్డి. అయినా సరే ఆ ఒక్క మాటకి నేను నిజంగానే ఏదో దేశం ఏలుతున్నట్టు అయిపోయాను. "చిన్నబావా" అని నోటితో పిలిచేదాన్ని గానీ, మనసులో రాకుమారుడే. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే తుపుక్కున ఉమ్మాలనిపిస్తుంది. రాకుమారుడట! గుర్రం ఎక్కినవాడల్లా రాకుమారుడైతే ఈగలు కూడా రాకుమారులే.

నేనేమన్నా చెప్పకుండా ఊరుకున్నానా? చిలక్కి చెప్పినట్టు చెప్పాను. బావా, సవారీ అయ్యాక చెమట ఆరనియ్యి, ఆరాక తీగ బ్రష్షుతో దువ్వు, ఊలు మళ్ళీ నిలబడుతుంది. మాటిమాటికీ తడపకు. తప్పదనుకుంటే గోరువెచ్చటి నీళ్ళు, ఊలు ఉతికే సబ్బు, చంటిపిల్లకి స్నానం చేయించినట్టు. నీడలో పరిచి ఆరబెట్టు, పచ్చి ఉండగానే చేత్తో నాలుగు వైపులా లాగుతుండు, లేకపోతే బిగుసుకుపోతుంది. ఇవన్నీ చెబుతుంటే నా కళ్ళలోకే చూస్తూ తలూపాడు. ఎంత శ్రద్ధగా వింటున్నాడో అని మురిసిపోయాను. వాడు చూసింది నా కంటిపాపలో వాడి బొమ్మనేమో, ఎవరికి తెలుసు!

పోయిన ఆదివారం సాలలో ప్రదర్శన పెట్టారు. పెద్దపెద్దవాళ్ళొస్తారు, ఫోటోలు తీస్తారు. నీ మరిదిగారికి మీగడ రంగు నచ్చలేదు. ఫోటోలో మాసినట్టు పడుతుందట. మంచులా మెరవాలట!

ఏం చేశాడో తెలుసా? నాకు ఒక్క మాట చెప్పకుండా, మరిగే నీళ్ళు, తెల్లబరిచే పొడి, ఉతికే యంత్రం. అది చాలదన్నట్టు పొయ్యి పక్కన వేడి గొట్టం మీద ఆరేశాడు. తోలంటే ఏంటే అక్కా? చర్మం కదా? నీ చెయ్యి ఆ నీళ్ళలో పెట్టి, ఆ గొట్టం మీద ఆరేస్తే ఎలా ఉంటుంది?

అట్టముక్క అయిపోయింది. వంచితే టకటకమని విరుగుతోంది, అంచులన్నీ ముడుచుకుని గట్టిపడి. పైన మాత్రం తెల్లగా, మెత్తగా, ధగధగా. పైన పటారం లోన లొటారం అంటారే, దానికి కాళ్ళొచ్చి నడిస్తే అచ్చం నీ మరిదే.

సరే, పాడు చేశాడు. పాత మెత్త వేసుకోవచ్చుగా? ఊహూ! ఆ అట్టముక్కనే వేసి పైన జీను బిగించాడు. మెత్త ముందు భాగాన్ని జీను మధ్య సందులోకి ఎత్తి, మూపు మీద గాలి ఆడేట్టు సర్దాలని కూడా చెప్పాను. అదీ లేదు. టోపీ సర్దుకోవడానికి తీరిక దొరికింది గానీ దీనికి దొరకలేదు.

నేను జనం వెనక నిలబడి ఉన్నాను. మిరియం చెవులు వెనక్కి పడ్డాయి. తోక విసురుతోంది. నాకు తెలిసిపోయింది ఏదో అయిందని. కేకేశాను, "బావా, దిగు!" అని. ఎవరికి వినపడుతుంది ఆ చప్పట్లలో? దూకడానికి అడ్డంగా కట్టిన కర్రలు రెండు దూకింది పాపం. మూడో కర్ర ముందు ఆగిపోయింది. నాలుగు కాళ్ళూ నేలకి గుచ్చినట్టు ఆగిపోయింది.

కొట్టాడు. కొరడాతో. అందరి ముందూ.

కుర్రతనమా? సిగ్గుపడి కొట్టాడా? వాడికి సిగ్గేస్తే దాని ఒళ్ళు పగలాలా? బాగుందే మీ ఇంటి న్యాయం!

ఇంకా ఉంది, విను. దిగి, పెద్దమనుషుల వైపు తిరిగి నవ్వుతూ అన్నాడూ, "ఈ మెత్త ఎంచిన పిల్లకి కళ్ళు నెత్తికెక్కాయి. సరుకు చూసి కొనడం రాదు" అని. ఆడలేక మద్దెల ఓడు! అందరూ నా వైపు చూశారు. పెద్దయ్యగారు కూడా చూశారు. నేను నేరుగా వెళ్ళి జీను ఎత్తాను. తోలు అంచు మూపు మీద కోసుకుపోయి, ఊలంతా ఎర్రగా అంటుకుని ఉంది. దాని ఒళ్ళు నా చేతుల కింద సన్నగా వణుకుతోంది, చలికాలం నీళ్ళలా.

"గుర్రమే కదా, మానిపోతుంది. నీకెందుకంత ఇది?" అన్నాడు నీ మరిది.

పశువుల డాక్టరు వచ్చి చూశాడు. మానుతుందట, కానీ ఆ చోట వెంట్రుక రాకపోవచ్చట. మానినా జీను చూస్తే బెదురుతుందట. సవారీకి పనికిరాని గుర్రాన్ని పెద్దయ్యగారు ఎన్నాళ్ళు మేపుతారు? గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు అని ఆయన రోజూ గొణుగుతూనే ఉంటాడు. అందుకే పొద్దున్నా సాయంత్రం ఖాళీ జీను దానికి చూపించి, వాసన చూడనిచ్చి, తీసుకొచ్చేస్తున్నా. బతిమాలుతున్నా దాన్ని.

ఇప్పుడు నువ్వొచ్చి, వాడు బాధపడుతున్నాడు, ఇవాళ ఏదో ఒకటి తేల్చి చెప్పమంటున్నారు, అక్కాచెల్లెళ్ళం ఒకే ఇంట్లో ఉండొచ్చు అంటున్నావు. నాకు మాత్రం ఉండాలని లేదా నీతో?

ఏంటది? ఆ సంచిలో ఏంటి?

వాడు పంపాడా?

నిజంగా? వాడే? నీతో చెప్పి ఇచ్చాడా?

ఆగు. చేతులు తుడుచుకోనియ్యి. ఊ, ఇలా ఇయ్యి.

గొర్రెతోలు మెత్త. కొత్తది. చీటీ కూడా ఉందే, అసలైన గొర్రెతోలు అని. ఊ... ఉండు, వెలుతురులోకి పట్టుకోనియ్యి.

ఏముందీ, చూడు. ఊలు విడదీస్తే తోలు కనపడాలన్నానా? ఏది? గుడ్డ! కుట్టు వరసలు కనపడుతున్నాయి. అగ్గిపెట్టె అందుకో, నీ వెనక అరలో ఉంది. ఒక్క పోగు చాలు. అసలు ఊలైతే జుట్టు కాలిన కంపు కొట్టి, నలిపితే పొడైపోతుంది. ఇదిగో... చూశావా? కరిగి ఎలా ముద్దకట్టిందో! వాసన చూడు. ప్లాస్టిక్కు!

అబ్బబ్బ! చేసిన తప్పుకి క్షమాపణ కూడా నకిలీదే పంపాడు, చూశావా? వెధవ! దీన్ని వేస్తే చెమట పీల్చదు, కింద ఒళ్ళు ఉడికిపోతుంది, మానుతున్న పుండు మళ్ళీ మొదటికొస్తుంది. గుర్రాల మధ్య బతికేవాడికి గొర్రెకీ గుడ్డకీ తేడా తెలియదు! చీటీ చదివి కొన్నాడు మహానుభావుడు. మనుషుల్ని కూడా చీటీ చూసే ఎంచుకుంటాడు కాబోలు. ఎవరైనా చీటీ అంటిస్తే గాడిదనైనా ఎక్కి...

ఏంటే? ఎందుకలా అయిపోయావు? నిన్నేమన్నాను? వాణ్ణి కదా అంటున్నా.

అక్కా, ఇటు చూడు. కళ్ళెందుకు తిప్పుకుంటావు?

ఏమన్నావు? గట్టిగా చెప్పు.

నువ్వా?

నువ్వు కొన్నావా ఇది? వాడికి... వాడికి తెలియనే తెలియదా? మరి ఏమన్నాడు వాడు? ఏదో ఒకటి అనే ఉంటాడుగా నువ్వు బయల్దేరేటప్పుడు. పరవాలేదు, చెప్పు.

"దానికి పొగరు దిగితే అదే వస్తుంది." అంతేనా? అన్నం తింటూ అన్నాడా, నిలబడి అన్నాడా? ఊరికే అడిగానులే.

ఏడవకే పిచ్చిదానా. నీ మీద నాకేం కోపం? వంటింట్లోంచి తప్పించుకుని, దారి తెలియని బజారుకెళ్ళి, దుకాణంవాడు ఏది చేతిలో పెడితే అది నమ్మి తెచ్చావు. నీకేం తెలుసు తోళ్ళ గురించి? వాడెవడో నీ ముఖం చూసే అంటగట్టి ఉంటాడు. ముక్కు చీదుకో. ఆ గుడ్డతో కాదు, దానికి నూనె ఉంది.

ఒక మాట చెబుతా. మీ ఆయనతో కూడా అనకూడదు.

నువ్వు ఆ సంచి బయటికి తీశావు చూడు, అప్పుడు నా గుండె ఒక్క ఎగురు ఎగిరింది. ఇంత తిట్టి, ఇంత అసహ్యించుకుని, అయినా ఎగిరింది దొంగముండ గుండె. గుడ్డ అని తెలిశాక కూడా, పోగు కాలుతుంటే కూడా, తిట్లు పైపైనే. లోపల ఏమనుకుంటున్నానో తెలుసా? పోనీలే, తెలియక కొన్నాడు. దుకాణం దాకా వెళ్ళాడు కదా. నాలుగు తీయించి చూశాడు కదా. చెయ్యి పెట్టి తడిమాడు కదా. నేర్పితే నేర్చుకుంటాడు కదా. ఇంకొక్క నిమిషం నువ్వు నోరు విప్పకుండా ఉంటే, సరే అని చెప్పు వాళ్ళతో అనేసేదాన్ని.

అవునే. ఆ నకిలీదానికే సరే అనేదాన్ని.

లే, పొద్దుపోతోంది, మీవాళ్ళు చూస్తుంటారు. కుదరదంది అని చెప్పు, ఇంకేం చెప్పకు. సంచి ఇక్కడే వదిలెయ్. సాలలో పిల్లి ఒకటి ఉంది, దానికి పరుస్తాను. దానికైతే ఎవరు తెచ్చారన్న పట్టింపు లేదు.