నాలుగు మాటల పిల్ల

కేతేపల్లి పక్కన ఒక పల్లె, రేకుల ఇంటి వాకిలి. నల్లగొండ నుంచి పిల్లల సంరక్షణ ఆఫీసు మేడం భాగ్యలక్ష్మి కాగితాల అట్ట పట్టుకొని వచ్చింది. గొర్రెలు కాచే ఇంటి గుర్వమ్మ వాకిట్లోనే ఎదురుగా నిలబడింది. ఆమె బిడ్డ అక్షిత, పదమూడేళ్లది, గడప మీద కూర్చొని చాటలో బియ్యం ఏరుతోంది. ఆ పిల్ల కాలికి గొర్రె మెడలో కట్టే గంట ఉంది.

"కట్టిన. నేనే కట్టిన. ఇప్పుడేమంటవ్ మేడం?"

"నేనేమంటలేనమ్మా. ముందుగాల కూసొని మాట్లాడుకుందాం."

"కూసో. కుర్చి ఏసే ఉన్నది గదా."

"కుర్చీల గొర్రెపిల్ల పండుకున్నది."

"ఆఁ... దానికి పానం బాగలేదు. కుర్చీలనే పండవెడ్తం. నువ్వు మంచం మీద కూసో."

"గుర్వమ్మా, మీ మీద కంప్లైంటొచ్చింది. ఆడపిల్లకు గొర్రెకు కట్టినట్టు గంట కట్టిన్రని."

"నాగులమ్మ చేసిందా ఫోను? అదే చేసి ఉంటది. దాని కోళ్లు నా గోడ దుంకి వచ్చి గింజలు తింటె నేను ఒక్కనాడన్న అన్ననా? నా బిడ్డ కాలి గంట దానికి చెవుల పోటయిందా?"

"ఎవరు చేసిన్రో నేను చెప్పొద్దు."

"చెప్పకు. నాకెరికే."

"చూడమ్మా, నేను ఒక్క గంటను చూసి రాసుకొని పోయేదాన్ని కాదు. ఇల్లు, తిండి, పానం, బడి, ఎవరికెవరు ఆసర, అన్నీ అడుగుత. అన్నీ కలిపి చూస్తేనే పిల్ల సంగతి తెలుస్తది."

"రాసినంక తీస్కపోతరు."

"ఎవరన్నరు?"

"ఎవరనాలె? మా ఆడిబిడ్డ ఊర్ల ఒక పొల్లను జీబుల ఎక్కించుకొని పోలేదా? హోముల ఏసిన్రంట. ఆడ తానం పోసేటప్పుడు నీళ్లు కాగినయా, సల్లగున్నయా అని ఎవలన్న చెయ్యి పెట్టి చూస్తరా? అన్నం గొంతుకు తట్టుకుంటె? మెట్ల మీదికెల్లి పడితె? నాకు ఫోను చేస్తరా, లేకుంటె అంత అయిపోయినంక చేస్తరా?"

"గుర్వమ్మా, నేనింక ఒక్క అక్షరం రాయలే."

"రాయకముందుకే చెప్తున్న."

"సరే. ఇంట్ల ఎవరెవరుంటరు?"

"నేను, నా బిడ్డ. మా ఆయన లింగస్వామి మందను తోలుకొని మిర్యాలగూడ దిక్కు పోయిండు. ఆడ వరి కోసిన మడులల్ల ఎరువుకని మంద పండవెడితె రైతులు వడ్లిస్తరు. వానలు పడ్డంక వొస్తడు."

"అప్పటిదాక మీరిద్దరేనా?"

"ఇద్దరం చాలమా?"

"పాప బడికి ఎందుకు పోతలేదు?"

"మూడు దాక పోయింది. దీనికి చదువు రాదు, ఇంటికి తోల్కపో అన్నడు సారు. తోల్కొచ్చిన. ఇప్పుడు ఎందుకు పంపలేదని నువ్వడుగుతున్నవు. ముందుగాల మీరు మీరు మాట్లాడుకోండ్రి, ఎనక నా తానికి రాండ్రి."

"మాటలొస్తయా?"

"నాలుగొస్తయి."

"నాలుగేనా? ఏవేవి?"

"నాలుగని చెప్పిన గదా. రాస్కో."

"ఏంటియో చెప్తె..."

"ఇంకోటడుగు."

"మీ పానం ఎట్లుంటది?"

"నాకేమయింది? గుండు లెక్కున్న."

"కండ్ల పరీక్షలు చేసెటోళ్లు మీ ఊరికి వచ్చిన్రు గదా. చూపించుకున్నరా?"

"ఆనాడు గొర్లకాడికి పోయిన."

"రెండుసార్లు వచ్చిన్రంట."

"రెండుసార్లు పోయిన."

"గొర్లను మీ ఆయన తోల్కపోయిండన్నరు?"

"పిల్లలుంటయి, కుంటియి ఉంటయి. వాటికి కావలి ఉండొద్దా? నువ్వు నా బిడ్డ గురించి వచ్చినవా, నా గురించి వచ్చినవా?"

"ఇద్దరి గురించి. రోజు బియ్యం పాపనే ఏరుతదా?"

"చేతులు ఊకె ఉంటె పాడయితయి. పొయ్యికాడికి మాత్రం రానియ్య. మంట నేనే పెడ్త. మంటంటె నాకు భయం. బావి అంటె భయం. బస్సులంటె భయం. నా బిడ్డ మీద పడగల్గేది ఏదన్న ఉంటె నేను ముందుగాలనే భయపడి పెట్టుకుంట. గది గూడ తప్పేనా?"

"తప్పు కాదమ్మా. ఫైల్లకు ఇంటి ఫోటో కావాలె, ఇందాక గేటు కాడ నిలవడి తీసిన. ఇగో, ఒకసారి చూసి చెప్పండ్రి, అండ్ల ఉన్నదెవరు?"

"గింత మాత్రం ఎరుకలేదా? నా బిడ్డే. గంట కట్టుకొని నడుస్తున్నది. నడిస్తె ఏమయింది?"

"ఇది మీ ఫోటో, గుర్వమ్మా."

"నాదెట్లయితది?"

"బిందె ఎత్తుకొని మీరు నడుస్తున్నరు. ఒక చెయ్యి ముందుకు చాపి, గంట సప్పుడు దిక్కు. పాప ఫోటోల పడనే పడలే."

"నీ ఫోను మంచిది కాదు."

"ఎన్నాళ్లయింది?"

"ఏంది ఎన్నాళ్లు?"

"కండ్లు."

"రొండేండ్లు. ముందు మబ్బు కమ్మినట్టుండె. ఇప్పుడు వెలుగు, నీడ, గంతే. రాస్కో! గుడ్డిదాని చేతిల పిల్ల ఉన్నదని రాస్కో. గది రాయనీకే వచ్చినవ్ గదా. కానీ గిది గూడ రాయి. ఈ రొండేండ్లల్ల దాని ఒంటి మీద ఒక్క గీత పడ్డదా? మోచేతులు చూడు. మోకాళ్లు చూడు. జడ ఇప్పి చూడు, ఒక్క పేను దొరికితె నా పేరు మార్చు. ఒక్క పూట ఆకలికి ఏడ్చిందా? ఊరంత అడుగు. నాగులమ్మను గూడ అడుగు, అది గూడ అబద్దం చెప్పదు."

"పాప తప్పిపోకుండ గంట కట్టిన్రనుకున్న నేను."

"ఊరంత గట్లనే అనుకుంటది. అనుకోనీ. మందల గంట ఏ గొర్రెకు కడ్తరో ఎరికేనా నీకు?"

"లేదు."

"ముందర నడిచేదానికి. ఎనక వచ్చేటియి ఆ సప్పుడు పట్టుకొని నడుస్తయి. నా బిడ్డ ముందర నడుస్తది. ఎనక నడిచేది నేను."

"మీ ఆయనకు తెలుసా?"

"ఇంటికి వచ్చినప్పుడు గూడ తెల్వనియ్యలే. తెలిస్తె మందను ఇడిసిపెట్టి వొస్తడు. మంద పోతె బిడ్డకు ఏం పెట్టాలె?"

"ఆ నాలుగు మాటలు ఇప్పుడన్న చెప్పండ్రి."

"మెట్టు. గుంత. ముల్లు. అమ్మ."

"దారిల మీకు చెప్పే మాటలా?"

"మెట్టు అనేది నేర్పనీకె ఆర్నెల్లు పట్టింది. ఆర్నెల్లు నా మోకాళ్లు పగిలినయి. చదువు రాదన్న సారును తోల్కరా, ఇనిపిస్త... ఏంది మేడం, ముక్కు గుంజుతున్నవు? ఏడ్వకు. రాయి."

"రాస్తున్న. తల్లికి దారి చూపేది పాపనే అని రాస్తున్న. మీ కండ్ల సంగతి గూడ రాస్త. పెద్ద దవాఖానల చూపిస్తె ఆ మబ్బు పోతదేమో."

"పోకుంటె? కోసేటప్పుడు ఉన్న వెలుగు గూడ పోతె? నేను మంచంల ఉంటె దీన్ని ఎవలు చూస్తరు? గప్పుడే వొస్తది నీ జీబు."

"మీ పక్క మంచం పాపకు ఇయ్యాలని గూడ రాస్త. నేను రాసింది, పిల్లలు ఏడ ఉండాల్నో చెప్పే కమిటీ ముందర పెడ్తరు. వాళ్లు ఏమంటరో నా చేతుల లేదు. మీకు అబద్దం చెప్ప."

"చెప్పకు. చెప్పినా నేను పట్టుకుంట."

"కాయిదంల ఇంకొక్క గడి మిగిలింది. అది మిమ్మల్ని కాదు, పాపను అడగాలె."

"ఏమని?"

"హోముకు వస్తదా, ఇంటికాడ ఉంటదా అని."

"దాన్నడిగి ఏం లాభం? నాలుగే వస్తయని చెప్తి గదా. ఊకున్నదని, ఒప్పుకున్నట్టు రాస్తవా?"

"రాయ. అడగకుండ మాత్రం గడి నింపొద్దు. అక్షితా... ఇటు చూడు బిడ్డా. హోముల మంచిగ అన్నం పెడ్తరు. ఆడుకోనీకె పిల్లలుంటరు. నాతోని వస్తవా?"

"..."

"చూసినవా? నేన్ జెప్పలే?"

"తొందర లేదమ్మా, జర ఆగండ్రి. అక్షితా, నాతోని వస్తవా?"

"రాను."

"ఏమన్నది? మేడం, అది ఏమన్నది? ఇంకోసారి అడుగు, ఇంకోసారి!"

"అక్షితా, వస్తవా?"

"రాను."

"గిది నేను నేర్పలే. నా బిడ్డ మీద ఒట్టు, గీ మాట నేను నేర్పలే... మేడం, కాయిదం తియ్యి. నాలుగని రాసినవ్ గదా, కొట్టెయ్. ఐదు రాయి."