తప్పు మొదలు రాయాలె

కాజీపేటలో సుందర్ రావు అర్జీలు టైపు చేసే గది. మధ్యాహ్నం రెండయింది. ఎదుట నర్సు నవ్య.

"అంకుల్, జర జల్ది. మూడింటికి దవాఖానల విచారణ."

"కూసో ముందు. కుర్చీ కదుల్తాంది."

"కూసున్న తియ్యి. పోయినేడు నా అర్జీల కొట్టినవ్ గద, గదే మాట పెట్టు. లీనియెంట్. గదే నా నౌకరి కాపాడింది."

"దాని అర్థం తెలుసా?"

"వదిలిపెట్టుమని."

"కాదు. శిక్ష తగ్గియ్యుమని. తప్పు చెయ్యనోళ్లకు ఆ మాటతోని పనిలేదు. తప్పు మొదలు రాయాలె. దాని కింద ఆ మాట."

"తప్పు రాయకుంటె?"

"దేనికి తగ్గియ్యాలె మరి? పోయినేడు ఏం రాసినం?"

"మందు మారిందని. ఆ ముసలాయన బతికిండు గద."

"ఈసారి?"

"టైమైతాంది అంకుల్."

"ఈసారి, నవ్యా?"

"బతకలే."

"చెప్పు. కొడుతాన్న."

"సెలైన్ల కలిపి మెల్లగ ఎక్కియ్యాల్సిన మందు. సూదితోని ఒక్కసారే ఇచ్చిన. నీకు తప్ప ఎవరికీ చెప్పలే. పోలీసులకు పోతదా? జైలా నాకు?"

"నాకేం తెలుసు. ఇంటోళ్లకు చెప్పిండ్రా?"

"గుండె ఆగిందన్నరు. డాక్టరే చెప్పిండు. నేను ఐసీయూల నుంచి బయటికే రాలే. తలుపు సందులకెళ్లి చూద్దామన్నా భయమైంది."

"ఎన్నడు?"

"గుడ్ ఫ్రైడే నాడు. పొద్దుగాల."

"గుడ్ ఫ్రైడే నాడా?"

"ఏంది, ఆపినవ్?"

"కాయిదం ఇరికింది. చెప్పు."

"ఆ పేషెంటు పెనిమిటి బయట జావ డబ్బా పట్టుకొని కూసున్నడట. లేస్తే తాగుతదని. సంగతి చెప్పినంక గూడ డబ్బా ఇడువలేదట. వార్డుల పనిచేసే ఆయమ్మ చెప్పింది. అప్పట్నుంచి నిద్ర పడతలేదు అంకుల్."

"బెడ్డు నంబరు?"

"పదకొండు."

"పేరు?"

"పేరు... యాదికొస్తలేదు. ఇంత భయంల ఏం యాదికొస్తది? పేరు గూడ కావాలెనా?"

"కావాలె. నేను కొడత తియ్యి. ఎస్తేరు."

"ఆ, ఎస్తేరు! నీకెట్ల తెలుసు?"

"ఆ జావ కాసి డబ్బాల తెచ్చింది నేనే. పోయినేడు నిన్ను ఆ బెడ్డు కాడ నిలబెట్టిన మాట గూడ నేనే కొట్టిన."