తీగల మీద చెయ్యి

మధ్యాహ్నం పూట వాద్యాల కొట్టు. కొనడానికి వచ్చింది ఇద్దరు: ఒక తండ్రి, హైస్కూల్లో చదివే అతని చిన్నకూతురు. అమ్మే మనిషి ఒక్కడే, కాకపోతే నలుగురి మాటలు అతనే మాట్లాడతాడు.

"...ఎర్రది వద్దు సార్, నా మాట వినండి. రంగు చూసి గిటార్ కొన్నవాళ్లు నెల తిరక్కుండా దాన్ని గోడకి తగిలిస్తారు. ముందు పాపని కూర్చోనివ్వండి. ఒళ్లో పెట్టుకుంటే చెయ్యి ఎంతవరకు అందుతుందో చూద్దాం."

"చిన్నదానికి బరువవుతుందేమో."

"నేనేం చిన్నదాన్ని కాదు నాన్నా."

"ఇంట్లో చిన్నదానివేగా."

"అంటే పెద్దవాళ్లు ఇంకొకరు ఉన్నారన్న మాట. అన్నా, అక్కా పాపా?"

"అక్క."

"అక్క కూడా వాయిస్తుందా?"

"యాంప్లిఫయర్ సంగతి చెప్పండి. మొదటిసారి కొనేవాళ్లు ఏది తీసుకుంటారు?"

"చెప్తా సార్. అక్కకి వచ్చి ఉంటే పాపకి మాస్టారు కూడా అక్కర్లేదు. ఏం పాపా, అక్కే నేర్పుతుందా?"

"యాంప్లిఫయర్ సంగతి అడిగానండీ."

"సరే సార్, సరే. మొదటి యాంప్ పెద్దది అక్కర్లేదు. ఇదిగో, చెప్పుల డబ్బా అంత ఉంది. గొంతు మాత్రం మా అత్తగారి గొంతు. హెడ్‌ఫోన్ పెట్టుకుందంటే ఇంట్లో చీమకి కూడా వినపడదు."

"అదే కావాలి. ఎవరికీ వినపడకూడదు."

"వినపడాలి నాన్నా."

"నువ్వాగు."

"కొత్తగా నేర్చుకుంటూ ఇంట్లోవాళ్లకి వినపడాలని కోరుకున్న పాపవి నువ్వొక్కదానివే. పట్టుకో దీన్ని. గిటార్ మెడ కింద బొటనవేలు, అంతే, గట్టిగా నొక్కకు. ఇప్పుడు యాంప్ ఆన్ చేస్తున్నా, ఉలిక్కిపడకు. ఆ... గుయ్‌మంటోంది, విన్నారా? ఇది దీని పుట్టుబుద్ధి సార్, వాయించకపోయినా... అరె."

"ఏమైంది?"

"ఏం లేదు. పాప ఠక్కున తీగల మీద అరచెయ్యి వేసేసింది. మోత ఆగిపోయింది చూడండి."

"ఆగిపోయింది."

"కొత్తవాళ్లకి ఇది తట్టదు సార్. మోత రాగానే ఉన్న బటన్లన్నీ తిప్పుతారు, వైరు పీకుతారు, నేనేదో పాడైంది అంటగట్టానన్నట్టు నా మొహం చూస్తారు. ఎవరు నేర్పారు పాపా?"

"ఎవరూ నేర్పలేదంకుల్. ఊరికే వేశా."

"ఊరికేనా? చూడకుండానే వేశావు."

"ఏవండీ, ఒక్క మాట అడుగుతాను. అలా మోగుతున్నది దానంతట అది ఆగుతుందా?"

"ఆగదు సార్."

"ఎప్పుడైనా? గాలికో, వానకో..."

"గాలీ వానా దానికేం తెలుసు? కరెంటు పోతే ఆగుతుంది, అప్పుడీ ఎర్ర లైటు కూడా ఆరిపోతుంది. లైటు వెలుగుతుండగా మోత ఆగిందంటే తీగలకి మనిషి ఒళ్లు తగిలినట్టే."

"మనిషే తగలాలా?"

"మనిషే సార్. దయ్యం ముట్టుకుంటే ఆగదు. పాపం, దానికి ఒళ్లేదీ? ...నవ్వరేం సార్? ఊరికే అన్నాను."

"ఈ మోత అసలు రాని గిటార్ ఉందా?"

"లేకేం. ఈ నల్లది. తీగల కింద శబ్దం పట్టే పికప్‌లు దీనికి జంటగా ఉంటాయి, ఒకదాని మోతని ఇంకొకటి మింగేస్తుంది. ఇదిగో, తీగలు వదిలేశాను. ఏమైనా వినపడుతోందా?"

"లేదు. ఇది ప్యాక్ చెయ్యండి."

"నాకొద్దు."

"చిన్నీ, మళ్లీ మొదలుపెట్టకు."

"ఇందాకటిది కావాలి నాన్నా. మోగేది."

"మోగేది ఇంట్లో ఒకటి ఉంది. చాలదా?"

"ఇంట్లో ఉందా? ముందే చెప్పొద్దూ సార్. దాన్ని పట్టుకొస్తే తీగలు మార్చి, తుడిచి..."

"దాన్ని ముట్టుకోం."

"పాడైందా?"

"బాగానే ఉంది. ఆన్‌లోనే ఉంది."

"ఇప్పుడా?"

"ఎప్పుడూ."

"ఎప్పుడూ అంటే? అసలు ఆఫ్ చెయ్యరా? యాంప్ కాలిపోతుంది సార్."

"మా పెద్దమ్మాయిదండీ. వాయిస్తూ వాయిస్తూ, పెన్ను కొనుక్కోవాలని లేచింది. 'ఆఫ్ చెయ్యకమ్మా, ఇప్పుడే వస్తా' అని వాళ్లమ్మతో చెప్పి వెళ్లింది. వీధి మలుపులో లారీ."

"అయ్యో."

"పోయినేడు మాట. ఆఫ్ చెయ్యొద్దంది కదా అని వాళ్లమ్మ చెయ్యలేదు. నన్ను చెయ్యనివ్వలేదు. గిటార్ మంచం మీద ఎలా పడేసి వెళ్లిందో అలాగే ఉంది. ఆ గది అప్పట్నుంచీ గుయ్‌మంటూనే ఉంది. ఆఫీసులో కూర్చున్నా నా చెవిలో అదే రొద."

"నా నోరు పడిపోను. ఇందాక దయ్యం అనీ..."

"మీకేం తెలుసు? అసలు సంగతి ఇంకోటుంది. అప్పుడప్పుడూ ఆ మోత ఆగుతుంది."

"ఆగుతుందా?"

"నాన్నా, ఇంటికెళ్దాం పద."

"ఉండమ్మా, ఎవరితోనో ఒకరితో అననివ్వు. మోత ఆగినప్పుడల్లా మా ఆవిడ చేతిలో పని వదిలేసి నిలబడిపోతుంది. 'పెద్దది తీగల మీద చెయ్యి వేసిందండీ' అంటుంది. నేనూ విన్నాను, ఒకసారి కాదు. ఏ రోజూ వెళ్లి తలుపు తియ్యలేదు. భయం. ఎత్తుకుని పెంచిన పిల్లకి భయపడ్డానండీ నేను."

"నాన్నా, పద."

"ఈ గిటార్ వస్తే పాతది తీసేద్దామని, పోరగా పోరగా మా ఆవిడ మొన్న సరేనంది. మళ్లీ మనసు మార్చుకునేలోపు ఇవాళే కొనుక్కెళ్లి ఆ స్విచ్ ఆఫ్ చెయ్యాలి. లేకపోతే ఆ గదిలోనే మనిషి కరిగిపోతుంది. అందుకే నల్లది ప్యాక్ చెయ్యమంటున్నా."

"అది అక్క కాదు నాన్నా."

"ఏది?"

"చెయ్యి వేసేది. నేను."

"నువ్వా?"

"మొదటిసారి కావాలని చెయ్యలేదు. దుమ్ము తుడుద్దామని వెళ్తే చెయ్యి తగిలింది. ఆగిపోయేసరికి భయమేసి బయటికి వచ్చేశా. అమ్మ అప్పటికి తిండే మానేసింది కదా? ఆ రోజు తనంతట తనే కంచం పెట్టుకుంది. మారు వడ్డించుకుంది. నేనేనని ఎలా చెప్పమంటావు?"

"అయితే ఆగినప్పుడల్లా..."

"నేనే. అమ్మ వంటింట్లో ఉన్నప్పుడు వెళ్లి మంచం పక్కన కూర్చుంటా. చెయ్యి వేసి ఉంచుతా. అడుగుల చప్పుడు వినపడగానే కిటికీలోంచి పెరట్లోకి దూకేస్తా."

"నేను తలుపు బయట వణుకుతుంటే, లోపల నువ్వు కూర్చున్నావా?"

"నల్లది తీసుకెళ్లి పాతది ఆఫ్ చేస్తే అమ్మకి ఇంకేం మిగల్దు నాన్నా. మోగితేనే కదా ఆగేది."

"సార్, మంచినీళ్లు తెమ్మంటారా?"

"వద్దండీ. చిన్నీ, ఇటు రా. పోయినదాని పని నీకెందుకు తల్లీ? నువ్వు బతికున్నదానివి."

"మరి అమ్మకెవరు చేస్తారు?"

"ఎవరూ చెయ్యరు. ఎవరూ చెయ్యకూడదు."

"సార్, మీ ఫోనే మోగుతున్నట్టుంది."

"మీ అమ్మే. స్పీకర్ పెడుతున్నా, నువ్వే చెప్పెయ్యి."

"నా వల్ల కాదు నాన్నా."

"పక్కనే ఉన్నాగా. ...ఆ, చెప్పు. ఇదిగో, చిన్నది నీతో ఏదో చెప్పాలంటోంది."

"ఏమే, నచ్చిందా గిటార్?"

"అమ్మా... గదిలో మోత ఆగుతుంది చూడూ, అది అక్క కాదమ్మా."

"తెలుసే పిచ్చిమొద్దూ."

"తెలుసా?"

"ఎప్పుడో తెలుసు. నువ్వు దూకగానే కిటికీ రెక్క టపటపా కొట్టుకుంటుంది. మీ అక్క ఏనాడైనా కిటికీ దూకిందా? మంచం దిగడానికే దానికి బద్ధకం."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పనే? నా కోసం అంత పాట్లు పడుతుంటే. నేను నమ్మినట్టు ఉంటే నీకు ధైర్యంగా ఉంటుందనుకున్నా. నువ్వు నా కోసం చెయ్యి వేశావు, నేను నీ కోసం ముద్ద మింగాను. ఏడవకు."

"ఏడవట్లేదు."

"ఏడుస్తోందే."

"దాన్నేమీ అనకండి. ఏది అడిగితే అది కొనివ్వండి, మోత రానిదైనా సరే. ఇప్పుడు కూడా ఆ గది గుమ్మంలోనే నిలబడి మాట్లాడుతున్నా. వినపడుతోందా మీకు?"

"ఆ. గుయ్‌మంటోంది."

"ఇంక చాలనిపించిందండీ. మీరిద్దరూ వచ్చాక ముగ్గురం కలిసే ఆఫ్ చేద్దాం. పెద్దదాన్ని వెళ్లనిద్దాం."

"సరే. సరేనే. ఏవండీ, ఆ నల్లది, ఈ చిన్న యాంపూ ప్యాక్ చెయ్యండి. సరేనా చిన్నీ?"

"సరే."

"వైరు నా తరఫున పాపకి. సార్, ఫోన్ కట్టయినట్టుంది. ఆ గుయ్‌మనేది వినపట్లేదు."

"కట్టవలేదండీ, లైన్లోనే ఉంది. ఏమేవ్, ఉన్నావా?"

"చిన్నది మీ పక్కనే ఉందా?"

"పక్కనే ఉంది. ఇప్పుడేగా నీతో మాట్లాడింది."

"కొట్లోనే ఉన్నారా ఇద్దరూ?"

"కొట్లోనే ఉన్నాం. ఎందుకలా అడుగుతున్నావు?"

"అమ్మా, ఏమైంది? కరెంటు పోయిందా?"

"లేదే. లైటు వెలుగుతూనే ఉంది. కిటికీ గడియ పెట్టే ఉంది. మోత ఆగిపోయింది."