సాక్షిదిబ్బ మీద పచ్చగరిక

పంతొమ్మిదివందల యాభైయెనిమిది, మే పదకొండు, ఆదివారం. నలభై రోజులుగా చినుకు లేదు, పొద్దున్నుంచే వడగాలి. ఆ రోజు మట్టిపని పోలయ్య, తమ్ముడు సైదులు తవ్విన గుంట గట్టు మీద నిలబడి కుళ్ళుకుంటున్నాడంట. ఎందుకంటే, వాళ్ళ నాన్న పిచ్చయ్య మేస్త్రీకి వయసు మీదపడి, "కాలవకట్ట చెరి సగం పొయ్యండ్రా, ఎవడి పని గట్టిదైతే వాడికే నా గునపం, నా మేస్త్రీతనం" అన్నాడు. మట్టి తవ్వేటప్పుడు గుంట మధ్యలో కాస్త నేల తవ్వకుండా వదిలేస్తారు, దాన్ని సాక్షిదిబ్బ అంటారు. అంచులు విరిగినా అది గడ్డితోసహా నిలబడే ఉంటది, దాని ఎత్తు కొలిస్తే ఎంత లోతు తవ్వారో తేలిపోద్ది. నేను కాలేజీలో రెండేళ్ళు లెక్కలు చదివాను గానీ ఇంత తేలిగ్గా ఒక్క మాస్టారూ చెప్పలేదు. సర్లే, అది వదిలెయ్యండి.

సైదులు జానెడు మందం మట్టి పోసి, నీళ్ళు చల్లి, దిమ్మిసతో గట్టిపడేదాకా కొట్టి, ఆపైన ఇంకో జానెడు పోసేవాడు. పోలయ్యది తట్టలకి తట్టలు గుమ్మరించడమే. చూడ్డానికి పోలయ్య కట్టే ఎత్తు. అయినా పిచ్చయ్య రోజూ వచ్చి సైదులు కట్ట మీదే కూర్చుని చుట్ట కాల్చేవాడంట. పోలయ్యకి కడుపులో మంట. "నా కట్ట మీద కూర్చుంటే నీ పంచె మాస్తదా నాన్నా?" అన్నాడు. "మాసేదేముంది, కూర్చుంటే కుంగుద్దిరా" అన్నాడంట ముసలోడు.

ఇక ఏమైందంటే, ఆ ఆదివారం మధ్యాహ్నం అందరూ సద్ది తింటుంటే పోలయ్య గుంటలోకి దిగి తమ్ముడి సాక్షిదిబ్బ నెత్తిన మూరెడు చెక్కేశాడు. చెక్కిన మట్టి కూడా పారెయ్యకుండా తన కట్ట మీదే పోసుకున్నాడు. దిబ్బ పొట్టిదైతే తమ్ముడు తవ్విన మట్టి తక్కువ తేలి, వాడి కట్ట మాత్రం పెద్దదిగా కనపడితే, సైదులు కొట్టకుండా డొల్లగా పోశాడని కొలిచేవాడు అనుకోవాలని. తెలివైనోడే అనుకో. బోడిగా ఉంటే దొరికిపోతానని, బావి పక్క గరికపెళ్ళ తెచ్చి దిబ్బ మీద పరిచాడు.

సాయంత్రం సూపర్‌వైజరు వచ్చాడు. నాలాగే కాలేజీ చదివినోడు, టేపు పట్టడం వచ్చు, గడ్డి చూడటం రాదు. కొలిచి, "నీ కట్ట డొల్ల, సైదులూ" అన్నాడు. పిచ్చయ్య లేచి గునపంతో సైదులు కట్టలో పొడిస్తే నాలుగు వేళ్ళు దిగింది. పోలయ్య కట్టలో పొడిస్తే సగం దాకా దిగిపోయింది. అప్పుడు గుంటలోకి దిగి దిబ్బని నిమిరాడంట. చుట్టూ ఎండుగడ్డి, దాని మీద మాత్రం పచ్చగరిక. "ఇదెట్టా పచ్చగుందిరా పోలిగా?" "రాత్రి మంచు కురిసుంటది నాన్నా." "మే నెల్లో, అదీ మీ తమ్ముడి దిబ్బ మీదే కురిసిందా?" అన్నాడంట. అందరూ నవ్వారు. సైదులు నవ్వలేదు. "అడిగితే మేస్త్రీతనం నీకే వదిలేసేవాణ్ణి గదన్నా" అన్నాడు. దాంతో పోలయ్యకి ఇంకా మంట, ఇచ్చే గుణం కూడా వీడికేనా అని.

పిచ్చయ్య ఆ వానాకాలమే పోయాడు. గునపమూ మేస్త్రీతనమూ సైదులుకి వచ్చాయి. మట్టి మోసే గాడిదలు కూతురు గురవమ్మకి. పోలయ్యకి ఏమీ రాలేదు. తన సగం కట్ట తవ్విపోసి మళ్ళీ కొట్టడానికి దిమ్మిస ఒకటి చేతికొచ్చిందనుకో, అదీ తమ్ముణ్ణి అడిగి తెచ్చుకున్నదే.