మా తాత కట్ట, శివప్రసాద్ గారి తరగతి

సభను నడిపిస్తున్న మండలాధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, ఈ రోజు నీటిపారుదల శాఖలో పదవీ విరమణ చేస్తున్న ఇంజనీరు శివప్రసాద్ గారికి, వారి శ్రీమతి రాజ్యలక్ష్మమ్మ గారికి, వేంపల్లె నుంచీ మా కట్ట కింది కొట్టాల పల్లె నుంచీ వచ్చిన అందరికీ నమస్కారం. నాలుగు మంచి మాటలు చెప్పమని నన్ను పిలిచారు. చెబుతాను. నడుమ నడుమ వేరే మాటలు దొర్లితే సార్ మన్నించాలి, ఎందుకంటే ఈ మనిషంటే నాకు ఒళ్లు మంట. (నవ్వులు) నవ్వకండప్పా, నిజమే చెబుతున్నాను.

వంకకు అడ్డంగా ఉన్న ఆ కట్ట మా తాత సొంత డబ్బుతో కట్టించినది. ప్రభుత్వం ఒక్క తట్ట మట్టి వేయలేదు. ఇప్పటికీ అది మా ఇంటి ఆస్తే. చెరువు నిండి, ఎక్కువైన నీళ్లు మరవ మీదుగా పొర్లిన రోజు గంగమ్మకు చీరె, పసుపు, కుంకుమ పెట్టి మొదటి కొబ్బరికాయ కొట్టేది మా ఇంటి మగవాడే. అలాంటి కట్టను 2004లో ఈయన వచ్చి, టేపు పట్టి కొలిచి, కొట్టాలంతా ఇల్లిల్లూ తిరిగి, చివరికి 'అత్యంత ప్రమాద తరగతి' అని తేల్చారు. మరవను వెడల్పు చేసేదాకా చెరువును సగానికి మించి నింపరాదన్నారు. నాకు తల కొట్టేసినట్లయింది.

ఊరుకుంటానా? ఎర్రగుంట్ల నుంచి నాపరాళ్ల లారీ తెప్పించి, పలక డప్పులు మోగించి, సార్‌ను పిలిపించి, ఆయన కళ్లెదుటే ఆ లారీని కట్ట మీద ఈ కొస నుంచి ఆ కొసకు నడిపించాను. లారీ తోలింది మా పుల్లయ్యే. అదిగో, మీసం దువ్వుకుంటున్నాడు చూడండి. "ఇప్పుడేమంటారు సారూ? మా తాత కట్ట యాడన్నా కదిలిందా?" అన్నాను.

ఈయన చల్లగా, "కట్ట గట్టిగానే ఉండాది నారాయణప్పా. ఈ తరగతి కట్ట బాగుందా లేదా అని పెట్టింది కాదు. ఎప్పుడన్నా తెగితే కింద ఎంతమంది పోతారో చూసి పెట్టింది. కొట్టాల్లో శానామంది ఉండారు గదా" అన్నారు. జనమంతా ఆయన చుట్టూ చేరారు. అంత ఖర్చు పెట్టి తెప్పించిన లారీ వైపు ఒక్కడూ చూడలేదు. అప్పుడు మొదలైంది నా కడుపుమంట.

నీళ్లు నింపనీయకపోతే పైరు ఎండుతుంది కాబట్టి, తిట్టుకుంటూనే మరవ వెడల్పు చేయించాను. 2007 వానలకు వంక ఉరికి వచ్చింది. పాత మరవైతే నీళ్లు కట్టెక్కేవి. కొత్త మరవ ఆ నీళ్లన్నిటినీ పక్కకు పంపేసింది, కొట్టాల్లోకి చుక్క రాలేదు. మంచిదే, ఎవరు కాదన్నారు? అయితే పూజ రోజు నేను పట్టుపంచె కట్టుకొని నిలబడి ఉంటే, ఇదిగో ఈ ముందు వరుసలో కూర్చున్న కొట్టాల సోమక్క, నన్ను దాటుకొని పోయి కొబ్బరికాయ సార్ చేతిలో పెట్టింది. "వద్దమ్మా, పెద్దాయన ఉండాడు" అని ఆయన నాకే ఇవ్వబోయారు. ఆ మంచితనమే నేను ఓర్వలేనిది! (నవ్వులు)

అప్పటినుంచి మబ్బు పడితే కొట్టాలవాళ్లు సార్‌కే ఫోన్ చేస్తారు. ఒకసారి అడిగేశాను, "ఏం సోమక్కా, కట్ట నాది గదా, నన్నడగవేం?" అని.

"నీకు కట్ట మింద దిగులప్పా. సారుకు మా మింద దిగులు" అనింది.

ఆ పూట నాకు అన్నం సయించలేదు. ఏమైందని అడిగిన పాపానికి మా ఆవిడ కృష్ణవేణమ్మ మీద అరిచాను.

అందుకే సార్ రిటైరవుతున్నారని తెలిసినప్పుడు సంబరపడ్డాను. ఇక వీళ్లు నా దగ్గరికే రావాలి కదా! వస్తారా? నేనుండేది మిట్ట మీది మేడలో. కట్ట తెగినా నా గడప తడవదు. అది కొట్టాలవాళ్లకు బాగా తెలుసు.

సార్, మీకు శాలువా కప్పే ముందు ఒక్క మాట. మీరు ఎంతమందికి దేవుడైనా, ఆ కట్ట కింద ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. మిమ్మల్ని మించడానికి నాకు మిగిలిన దారి అదొక్కటే. సోమక్క ఇంటి పక్కన పునాది తీయించాను. వానలు మొదలయ్యేలోపల నేనూ కృష్ణవేణమ్మా అక్కడికి మారిపోతున్నాము. ఏం సోమక్కా, అట్ల చూస్తాండావు?

నా ఏడుపును ఇంతసేపు ఓపిగ్గా విన్న మీకందరికీ దండాలు. శివప్రసాద్ గారూ, చల్లగా ఉండండి. పోయే ముందు, మీ కుర్చీలోకి వచ్చే ఇంజనీరుకు మాత్రం చెప్పి పోండి: కట్ట కింద ఇంకొక ఇల్లు ఉండాదని. సెలవు.